నిజాంపేట అపార్ట్‌మెంట్‌లో ఉండి ఈవీ కొనాలా, సీఎన్‌జీయా, హైబ్రిడ్డా?

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో ఒక కారు పార్కింగ్. రోజూ గచ్చిబౌలికి రానూపోనూ 40 కిలోమీటర్లు. నెలకోసారి విజయవాడ. ఆన్‌రోడ్ 15 లక్షల్లో ఎలక్ట్రిక్ తీసుకోవాలా, సీఎన్‌జీనా, హైబ్రిడ్డా?

జవాబు:

షోరూమ్‌కి వెళ్లే ముందు కొలత టేపు పట్టుకుని సెల్లార్‌లోకి దిగండి. మీ మీటరు ఉన్న ప్యానెల్ బోర్డు నుంచి మీ స్లాట్ దాకా కేబుల్ నడవాల్సిన దారిని, గోడ మలుపులతో సహా కొలవండి. తర్వాత అసోసియేషన్ నుంచి రాతపూర్వక అనుమతి అడగండి. ఈ రెండూ తేలితే మీ ప్రశ్నకు ముప్పాతిక జవాబు దొరికినట్టే. ఏ కంపెనీ, ఏ వేరియంట్ అన్నది ఆ తర్వాతి మాట. ఎందుకంటే మీ స్లాట్‌లో సొంత ప్లగ్ ఉంటే ఎలక్ట్రిక్‌కి పోటీ లేదు. అది లేకపోతే ఎలక్ట్రిక్‌కీ సీఎన్‌జీకీ ఖర్చులో పెద్ద తేడా మిగలదు, పైగా వారానికి రెండు సార్లు ఛార్జింగ్ స్టేషన్ దగ్గర కూర్చోవాలి.

ఈ మాట లెక్కతో చూద్దాం. ఆఫీసుకు, చుట్టుపక్కల పనులకు కలిపి నెలకు 950 కిలోమీటర్లు, విజయవాడ ట్రిప్పుకు మరో 560. పెట్రోలు కారు మన ట్రాఫిక్‌లో లీటరుకు 13, హైవేలో 18 ఇస్తుందనుకుంటే నెలకు 104 లీటర్లు పడుతుంది. లీటరు 107 రూపాయల చొప్పున దాదాపు 11,000. సీఎన్‌జీ కారుకు కిలో సుమారు వంద రూపాయలు అనుకుని, ఊళ్లో కిలోకి 22, హైవేలో 28 కిలోమీటర్లు లెక్కేస్తే 6,300. ఎలక్ట్రిక్‌కి సిటీలో, ఛార్జర్ ప్లగ్ దగ్గర కొలిచిన యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు వస్తాయి, అంటే నెలకు 150 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలకు దొరికితే 900. విజయవాడకు ఇంటి నుంచి నింపుకున్నది పోను, దారిలో 60 యూనిట్ల దాకా ఫాస్ట్ ఛార్జర్‌లో ఎక్కించాలి. అక్కడ జీఎస్టీతో కలిపి యూనిట్ 18 నుంచి 25 రూపాయల మధ్య ఉంటుంది. మొత్తం కలిపి 2,500 ప్రాంతం. అదే కారుకి మొత్తం కరెంటు బయటే కొంటే 5,000 దాటుతుంది. సీఎన్‌జీతో పోలిస్తే మిగిలేది వెయ్యి రూపాయలు, అంతే.

పైన యూనిట్ 6 రూపాయలన్నాను. అది వేరే మీటరు ఉంటేనే. చాలామంది ఇంటి మీటరు నుంచే వైరు లాగేసి, రెండో నెల బిల్లు చూసి కంగారు పడతారు. మన గృహ టారిఫ్‌లో 200 యూనిట్ల లోపు ఒక లెక్క, దాటితే ఇంకో లెక్క. వంద దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి వంద 3.40, తర్వాతి వంద 4.80. ఒక్క యూనిట్ దాటినా మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది. ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9.00, 800 దాకా 9.50. ఇప్పుడు మీ ఇంట్లో 190 యూనిట్లు కాలుతున్నాయనుకోండి, ఎనర్జీ ఛార్జీ 772 రూపాయలు. దానికి కారు 150 కలిస్తే 340 యూనిట్లు, ఛార్జీ 2,150. అంటే కారు తాగిన ఒక్కో యూనిట్ నిజానికి 9 రూపాయల పైమాటే. ఏప్రిల్, మే నెలల్లో ఏసీలు కూడా తోడైతే కారు యూనిట్లన్నీ తొమ్మిదీ తొమ్మిదిన్నర శ్లాబులోకి వెళ్లిపోతాయి. గృహజ్యోతి కింద 200 లోపు సున్నా బిల్లు వచ్చే ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నా ఇదే చూసుకోవాలి. స్కూటర్ 30, 40 యూనిట్లే తీసుకోవచ్చు. కానీ ఆ నలభైతో 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి.

అందుకే ఈవీ ఛార్జింగ్ కోసం ఉన్న ఎల్‌టీ-9 కేటగిరీలో వేరే సర్వీసుకు దరఖాస్తు చేయండి. అక్కడ శ్లాబులు లేవు, యూనిట్‌కి ఒకటే రేటు. మీ ఏరియా విద్యుత్ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఆఫీసులో అడిగితే డెవలప్‌మెంట్ ఛార్జీ, డిపాజిట్, స్థిర ఛార్జీ ఎంతో చెబుతారు. అంచనా వేయించుకున్నాకే నిర్ణయం తీసుకోండి. నెలకు 70, 80 యూనిట్లు మాత్రమే వాడేవాళ్లకు వేరే మీటరు ఖర్చు తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. వాళ్లు ఇంటి మీటరు మీదే నడుపుకోవచ్చు, శాంక్షన్డ్ లోడ్ (కనెక్షన్‌కి మంజూరైన కిలోవాట్లు) మాత్రం పెంచుకోవాలి.

అసోసియేషన్ వాళ్లు అభ్యంతరం చెబితే కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చూపించండి. యజమానులు తమ ఇంట్లో, ఆఫీసులో ఉన్న కనెక్షన్‌తోనే వాహనం ఛార్జ్ చేసుకోవచ్చని అందులో ఉంది. కానీ కాగితం చూపించి గొడవకు దిగడం కంటే వాళ్ల భయం ఏమిటో వినడం మంచిది. సాధారణంగా మూడు భయాలుంటాయి: కామన్ బిల్లు మీద పడుతుందేమో, ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదేమో, సెల్లార్‌లో మంటలు వస్తాయేమో. మొదటిదానికి సొంత మీటరే జవాబు. రెండోదానికి, మీరు రాత్రి 11 తర్వాత మాత్రమే ఛార్జ్ అయ్యేలా కారులో టైమర్ పెడతానని రాసివ్వండి. మూడోదానికి జవాబు వైరింగ్‌లో ఉంది. దాని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈవీ విషయంలో ఇంట్లో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం బ్యాటరీ వల్ల కాదు, సాకెట్ వల్ల, ఎర్త్ వల్ల.

ముందు ఎంత ఛార్జర్ కావాలో చూడండి. 40 కిలోమీటర్లంటే రోజుకు 6, 7 యూనిట్లు. 16 యాంప్స్ సాకెట్‌కి పెట్టే పోర్టబుల్ ఛార్జర్ 3.3 కిలోవాట్ల దాకా ఇస్తుంది. అంటే రెండు గంటల పని. రాత్రి 8 గంటలు పెడితే 26 యూనిట్లు, 170 కిలోమీటర్లు. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జర్ (వాల్‌బాక్స్) మీకు అవసరమే లేదు. డీలర్ ఉచితంగా ఇస్తే తీసుకోండి గానీ, ఆ ఉచిత ఇన్‌స్టలేషన్‌లో కేబుల్ కొన్ని మీటర్ల వరకే ఉంటుంది. పైన ప్రతి మీటరుకూ డబ్బు కట్టాలి, లోడ్ కూడా రెట్టింపు తీసుకోవాలి.

16 యాంప్స్ లైనుకు కేబుల్ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీసుకోండి. ఎలక్ట్రీషియన్ 2.5 చాలంటాడు. అతను గీజర్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాడు. గీజర్ ఇరవై నిమిషాలు లాగి ఆగుతుంది, కారు 14, 15 యాంప్స్ గంటల తరబడి ఆపకుండా లాగుతుంది. 60 మీటర్ల దూరంలో 2.5 కేబుల్ మీద 15 వోల్టుల దాకా పడిపోతుంది, 4 మీద 9 ప్రాంతం. వేసవి సాయంత్రాల్లో అసలే వోల్టేజ్ తక్కువ ఉండే కాలనీల్లో ఆ తేడాకే ఛార్జర్ మధ్యలో ఆగిపోతుంది. వాల్‌బాక్స్ పెట్టేట్టయితే 30 మీటర్ల లోపు 6, అంతకు మించితే 10 చదరపు మిల్లీమీటర్లు. అల్యూమినియం కేబుల్ చవకే గానీ, జాయింట్ల దగ్గర సరైన లగ్ (వైరు కొసకు వేసే లోహపు తొడుగు) వేసి బిగించకపోతే కాలం గడిచేకొద్దీ వదులై వేడెక్కుతుంది.

సాకెట్ మామూలు మాడ్యులర్ ప్లేటు వద్దు. దాని లోపలి స్ప్రింగ్ పట్టు వదులైతే అక్కడే వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. నీలం రంగులో ఉండే 16 యాంప్స్ ఇండస్ట్రియల్ సాకెట్ వేయించండి. కంపెనీ ఛార్జర్‌కి మామూలు మూడు పిన్నుల ప్లగ్గే ఉంటే, కంపెనీ ఒప్పుకునే కన్వర్టర్ వాడండి, లేదా మంచి బ్రాండ్ మెటల్‌క్లాడ్ (లోహపు పెట్టెలో ఉండే) సాకెట్ పెట్టించి మొదటి వారం రోజూ అరగంట ఛార్జింగ్ తర్వాత ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే వెంటనే ఆపి స్క్రూలు బిగించాలి లేదా సాకెట్ మార్చాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

రక్షణకు 20 యాంప్స్ సి-కర్వ్ ఎంసీబీ (లోడ్ మించితే కరెంటు ఆపేది), 30 మిల్లీయాంప్స్ టైప్-ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది). షాపులో మామూలుగా చేతికిచ్చేది టైప్-ఏసీ. ఈవీలో డీసీ లీకేజీ ఉంటే అది పసిగట్టకపోవచ్చు. అందుకే టైప్-ఏ అని గట్టిగా అడగండి. ఛార్జర్‌లోనే 6 మిల్లీయాంప్స్ డీసీ గుర్తింపు ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి. లేకపోతే టైప్-బీ కావాలి, అది ఖరీదు.

ఎర్త్‌కి వేరే పిట్ (గుంత) వేయించడం మేలు. పాత అపార్ట్‌మెంట్లలో పిట్‌లో నీళ్లు పోసేవాళ్లు లేక ఎండిపోయి ఉంటుంది. నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉండాలి, లోడ్ మీద న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ రెండు మూడు వోల్టులు దాటకూడదు. అంతకంటే ఎక్కువుంటే ఛార్జర్ ఎర్ర లైటు వెలిగించి మొరాయిస్తుంది. అప్పుడు కొందరు ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కి కలిపేసి పని జరిపిస్తారు. అది ప్రాణాంతకం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు బాడీకే కరెంటు వస్తుంది.

జనరేటర్ విషయం మర్చిపోవద్దు. చాలా అపార్ట్‌మెంట్లలో కామన్ ప్యానెల్ నుంచి తీసుకున్న లైను, కరెంటు పోగానే జనరేటర్ మీదికి మారిపోతుంది. డీజిల్ జనరేటర్ లీటరుకి మూడు, మూడున్నర యూనిట్లే ఇస్తుంది. అంటే యూనిట్ దాదాపు 30 రూపాయలు, అదీ అందరి ఖర్చుతో. మీ లైను ఛేంజోవర్‌కి (జనరేటర్ మీదికి మార్చే స్విచ్‌కి) ముందు నుంచే, అంటే మీటరు నుంచి నేరుగా రావాలి. కరెంటు పోతే ఛార్జింగ్ ఆగాలి, వస్తే దానంతటదే మళ్లీ మొదలవ్వాలి.

ఇక వానలు. మన ఊళ్లో గట్టి వాన గంట కురిస్తే సెల్లార్‌లోకి నీళ్లు దిగే కాలనీలు చాలా ఉన్నాయి. సాకెట్, ఎంసీబీ బాక్సు నేల నుంచి కనీసం 1.2 మీటర్ల ఎత్తున పెట్టించండి. ఈవీ బ్యాటరీలకు చెప్పే ఐపీ67 రేటింగ్ అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట పరీక్ష, అంతవరకే. రాత్రంతా మురుగునీళ్లలో నిలిచిన కారుకి ఆ హామీ వర్తించదు. నీళ్లు వస్తున్నాయంటే ముందు ఎంసీబీ దించండి, వీలుంటే కారును ర్యాంపు పైకి తెండి. మునిగిన కారును స్టార్ట్ చేసి చూడొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, టోయింగ్ చేయించి ఇన్సులేషన్ పరీక్ష అయ్యాకే ముట్టుకోవాలి.

కారు ఎంపికకు వస్తే, బ్రోచర్‌లో ఉన్న రేంజ్‌లో 65 నుంచి 75 శాతమే మీది. 40 నుంచి 45 కిలోవాట్ అవర్ (అంటే యూనిట్ల) బ్యాటరీ ఉన్నది చూడండి. మీ బడ్జెట్‌లో కింది వేరియంట్లు అంచున దొరుకుతాయి. అలా దొరకడానికి కారణం తెలంగాణలో ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించడం. 2024 నవంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఇది 2026 డిసెంబరు 31 వరకు. 10 నుంచి 20 లక్షల పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్స్ 17 శాతం, అంటే 15 లక్షల కారు మీద రెండున్నర లక్షలు. ఈవీ మీద జీఎస్టీ 5 శాతం. ఆదాయపు పన్నులో 80ఈఈబీ కింద వడ్డీ మినహాయింపు ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే అది.

30 యూనిట్ల చిన్న బ్యాటరీ కారు ఆఫీసుకు చక్కగా సరిపోతుంది. విజయవాడ దారిలో మాత్రం రెండు సార్లు ఆగాలి. 45 యూనిట్ల కారుతో ఒక్కసారి చాలు. నూటికి నూరు నింపుకుని తెల్లవారుజామున బయల్దేరి, ఓఆర్‌ఆర్ మీద 80, 90 దాటకుండా వెళితే యూనిట్‌కి 6 కిలోమీటర్లు వస్తాయి. అక్కడ 120 వరకు అనుమతి ఉంది కదా అని తొక్కితే గాలి నిరోధం 80తో పోలిస్తే రెండింతలకు పైగా పెరుగుతుంది, యూనిట్‌కి నాలుగున్నర, ఐదుకి పడిపోతారు. నెమ్మదిగా వెళ్లిన కారు సూర్యాపేట చేరేసరికి 40 శాతం పైన ఉంటుంది. అక్కడ 60 కిలోవాట్ల ఛార్జర్‌లో 80 శాతానికి అరగంట. టిఫిన్ అయ్యేలోపు అయిపోతుంది. అక్కడి నుంచి విజయవాడకు 25 శాతానికి పైగా మిగుల్చుకుని దిగొచ్చు. కోదాడ దాకా లాగొచ్చుగా అని అనిపిస్తుంది. లాగొచ్చు, కానీ అక్కడి మెషీన్ పనిచేయకపోతే ముందుకు వెళ్లడానికి మిగిలేది తక్కువ. మొదటి ఆగుడు ఎప్పుడూ ఇంకో ఛార్జర్‌కి వెళ్లగలిగినంత ఛార్జ్ చేతిలో ఉండగానే పెట్టుకోవాలి.

80 శాతం దాటాక ఫాస్ట్ ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. అక్కడ కూర్చోవడం దండగ, వెనకున్న వాళ్లకూ ఇబ్బంది. రెండు గన్నుల (కారుకు తగిలించే ప్లగ్గుల) 60 కిలోవాట్ల మెషీన్ చాలాచోట్ల ఇద్దరు వస్తే చెరి 30 ఇస్తుంది. కాబట్టి యాప్‌లో ఖాళీగా కనిపించిందా లేదా అనే కాదు, పక్క గన్ను వాడకంలో ఉందేమో కూడా చూడాలి. కనీసం మూడు కంపెనీల యాప్‌లు వేసుకుని, ఒక్కోదాంట్లో కొంత డబ్బు ముందే ఉంచండి. హైవే మీద సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఓటీపీ కోసం ఎదురుచూడటం కంటే చికాకు లేదు. సంక్రాంతి ముందు రెండు రోజులు పంతంగి టోల్ దగ్గర ఎలా ఉంటుందో తెలుసు కదా, ఛార్జర్ల దగ్గరా అంతే. ఆ రోజుల్లో అర్ధరాత్రి బయల్దేరండి, లేదా రైలు చూసుకోండి.

మే నెల ఎండకు భయపడి ఈవీ మానేయక్కర్లేదు. ఏసీ నడుస్తున్నప్పుడు కిలోవాట్, కిలోవాట్‌న్నర లాగుతుంది. ట్రాఫిక్‌లో గంటకు ఒక యూనిట్ పోయిందనుకున్నా ఏడు కిలోమీటర్లు తగ్గుతాయి, అంతే. బ్యాటరీని నిజంగా అరగదీసేది వేరే: వంద శాతం నింపి ఎండలో రోజుల తరబడి వదిలేయడం. ఈవీ బ్యాటరీల్లో ప్రధానంగా ఎన్‌ఎంసీ, ఎల్‌ఎఫ్‌పీ అని రెండు రకాలు. ఎన్‌ఎంసీ సెల్స్ ఉన్న కారును రోజువారీ 80 దగ్గర ఆపండి. ఎల్‌ఎఫ్‌పీ అయితే వారానికో పది రోజులకో ఒకసారి వందకి తీసుకెళ్లండి, లేకపోతే శాతం లెక్క తప్పుతుంది, 15 చూపిస్తూ ఒక్కసారిగా పడిపోతుంది. వారంటీ సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. సామర్థ్యం ఎంత శాతానికి పడితే బ్యాటరీ మారుస్తారు, రెండో యజమానికి వర్తిస్తుందా అన్న రెండు వాక్యాలూ కాగితం మీద చదివాకే సంతకం పెట్టండి. బ్యాటరీ అద్దె పథకంలో కొంటే నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే మీకు కిలోమీటరు అద్దె, ఛార్జింగ్ కలిపి సీఎన్‌జీ ఖర్చును దాటిపోతుంది. తక్కువ తిరిగేవాళ్లకైతే ఆలోచించొచ్చు.

అసోసియేషన్ ససేమిరా అంటే, లేదా స్లాట్ మీకు రాసివ్వలేదంటే, సీఎన్‌జీ తీసుకోండి. ఫ్యాక్టరీ కిట్ ఉన్నదే. 60 లీటర్ల సిలిండర్‌లో మామూలుగా పట్టేది 8 కిలోల దగ్గర. బంకులో ప్రెషర్ 200 బార్ రావాలి. కంప్రెసర్ బలహీనంగా ఉన్నచోట, క్యూ పొడవుగా ఉన్నప్పుడు 150 దగ్గరే ఆగిపోతుంది, ముప్పాతిక నిండుతుంది. నిజాంపేట నుంచి గచ్చిబౌలి మధ్య మీరు దాటే బంకుల్లో ఏది పొద్దున్నే ఖాళీగా ఉంటుందో కొనేముందే రెండు మూడు రోజులు గమనించండి. మూడేళ్లకోసారి సిలిండర్ హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి, ఆ తేదీ కంప్లయన్స్ ప్లేటు మీద ఉంటుంది. గడువు దాటితే బంకులో గ్యాస్ పట్టడానికి నిరాకరించొచ్చు. స్పార్క్ ప్లగ్గులు పెట్రోలు కారు కంటే త్వరగా మార్చాలి. లగేజీ కావాలంటే సిలిండర్‌ను రెండు చిన్నవిగా కింద అమర్చిన మోడళ్లు చూడండి, డిక్కీ దాదాపు మొత్తం మిగులుతుంది. బయట కిట్ పెట్టిస్తే ఆర్‌సీలో ఎక్కించి, ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలపాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ పోతుంది. ఇంటి వంటగ్యాస్ సిలిండర్‌తో నడిపే కార్ల జోలికి పోవద్దు, అది చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా.

స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు, కొంత దూరం ఒంటరిగా నడపగల మోటారు ఉన్నది) మంచి బండే, లీటరుకి 20 దాటిస్తుంది. కానీ 15 లక్షల ఆన్‌రోడ్‌లో రాదు. పేరులో హైబ్రిడ్ అని ఉన్న చవక వేరియంట్లు మైల్డ్ హైబ్రిడ్లు. వాటిలో మోటారు కారును ఒంటరిగా నడపదు, ట్రాఫిక్‌లో మీరు ఆశించే మైలేజీ రాదు.

పెట్రోలే అనుకుంటే బంకుల్లో ఉన్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్‌లో లీటరుకు పెట్రోలులో మూడింట రెండొంతుల శక్తే ఉంటుంది కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. 2023 ఏప్రిల్ తర్వాతి కార్లు దీనికి తగ్గట్టే వస్తున్నాయి. పాత కారు ఉంటే ఫ్యూయల్ హోస్‌లు, రబ్బరు సీళ్లు సర్వీసులో చూపించండి. వానాకాలంలో సగం ట్యాంకుతో వారాల తరబడి నిలిపి ఉంచకండి, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. హైడ్రోజన్ కోసం ఎదురుచూస్తూ కొనడం వాయిదా వేయొద్దు. మన ఊళ్లో సొంత కారులో దాన్ని నింపుకునే బంకు లేదు.

ఈవీయే ఖాయం చేసుకుంటే వరస ఇలా పెట్టుకోండి: అసోసియేషన్ లేఖ, మీటరు దరఖాస్తు, వైరింగ్, ఆ తర్వాత బుకింగ్. డెలివరీ రోజున మీ సొంత ఛార్జర్‌ని షోరూమ్‌లోనే ఒకసారి పెట్టి చూడండి, డీసీ (ఫాస్ట్ ఛార్జర్) గన్నుతో కూడా పది నిమిషాలు పరీక్షించమనండి. 12 వోల్టుల చిన్న బ్యాటరీ వోల్టేజ్ కొలిపించండి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఆ చిన్నది చచ్చిపోతే రిమోట్‌తో కారు తలుపు కూడా తెరుచుకోదు. నెల రోజులు ఊరెళ్తుంటే పెద్ద బ్యాటరీ 50 శాతం దగ్గర వదలండి, చిన్న బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయాలా వద్దా అన్నది మాన్యువల్ చూసి చేయండి. విజయవాడలో మీరు దిగే ఇంట్లో 16 యాంప్స్ సాకెట్, దానికి సరైన ఎర్త్ ఉన్నాయేమో మొదటి ప్రయాణానికి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ రాత్రికి నింపుకోగలిగితే తిరుగు ప్రయాణంలోనూ సూర్యాపేట దగ్గర ఒక్క అరగంటే.